రొయ్యకి ఇంత అని రేటు పెట్టిన చిత్రకారుడు

1920 ప్రాంతంలో బీజింగ్‌లో చీ బైషి అనే చిత్రకారుడి ఇంటికి ఎవరైనా బొమ్మ కొనడానికి వెళ్తే ముందు కంటబడేది బొమ్మ కాదు, గోడకి అంటించిన రేట్ల కాగితం. పూల బొమ్మలో పురుగో పిట్టో కావాలంటే ఒక్కోదానికి 10 యువాన్లు ఎక్స్‌ట్రా, తీగల మధ్య తేనెటీగ కావాలంటే ఒక్కో ఈగకి 20, బేరమాడేవాళ్ళంటే ఎదుటివాడి కడుపుకొట్టి తమ జేబు నింపుకునే రకం, అలాంటివాళ్ళని చూడటం నాకిష్టం లేదు అని మొహమాటం లేకుండా రాసేశాడు. ఇంకో నోటీసులో అయితే స్నేహాలు పరిచయాలు లెక్కలోకి రావు, సిగ్గున్న పెద్దమనుషులు రేటు ప్రకారం డబ్బిచ్చి పట్టుకెళ్ళండి అని. తర్వాత రొయ్యల బొమ్మలకి పేరొచ్చాక రొయ్యకి ఇంత అనే లెక్క కూడా మొదలైంది. మన భీమవరం వైపు రొయ్యలకి కౌంట్ చూసి కేజీ రేటు కడతారు, ఈయన దగ్గర మాత్రం కాగితం మీద రొయ్యకి పీసు రేటే.

రేట్ల కాగితం అనేది ఆయన కనిపెట్టిందేం కాదు. చైనాలో చిత్రకారులు అప్పటికే అలాంటివి పెట్టుకునేవాళ్ళు, దానికి కుంచె తడిపినందుకు ఇచ్చే డబ్బు అని ఒక మర్యాదైన పేరు కూడా ఉంది. ఆ పేరులోనే తెలిసిపోతుంది కదా ఆ డబ్బు గురించి వాళ్ళకి ఎంత ఇబ్బందో. ఎందుకంటే చైనా సంప్రదాయ చిత్రకళలో వందల ఏళ్ళుగా గౌరవం అంతా పండితులదే, అంటే చదువుకుని, పరీక్షలు పాసై, ఉద్యోగం చేసి, తీరిక దొరికినప్పుడు కవిత్వం రాసి, అదే కుంచెతో నాలుగు వెదురు ఆకులు వేసి స్నేహితుడికి కానుకగా ఇచ్చే మనిషిది. డబ్బు కోసం వేసేవాడు చేతిపనివాడు, ఆ మాట వాళ్ళ నోట్లో తిట్టుతో సమానం. అలాంటి చోట పురుగుల్ని లెక్కపెట్టి డబ్బులడిగే మనిషి వచ్చి, చివరికి ఆ దేశంలోనే అందరికంటే పెద్ద పేరు తెచ్చుకోవడం ఎలా జరిగింది అనేది అసలు ప్రశ్న. పేద పిల్లాడు కష్టపడి పైకొచ్చాడు అనే కథ చెప్పేసి ఊరుకోవచ్చు, చాలామంది అదే చెప్తారు కూడా, కానీ అందులో సగమే ఉంది. ఆయన వడ్రంగి. వడ్రంగి పని మానేశాక కూడా వడ్రంగిగానే ఉన్నాడు, ఆయన బొమ్మలు బాగుండటానికి కారణం కూడా చాలావరకు అదే.

పుట్టింది 1864 జనవరి 1న, హునాన్ రాష్ట్రం షియాంగ్‌తాన్ జిల్లాలో ఒక కుగ్రామంలో. కొద్దిపాటి పొలం, నిండా మనుషులు, ఎప్పుడూ చాలీచాలని తిండి. తాతకి వచ్చిన అక్షరాలు కొన్నే, చలికాలం కుంపటి దగ్గర మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇనప పట్టకారుతో బూడిదలో గీసి చూపించేవాడు, అదే ఆయన మొదటి పలక. అమ్మ తరఫు తాత నడిపే బడికి ఏడాది కూడా పూర్తిగా పోలేదు. ఒంట్లో బాగుండదు, ఇంట్లో తినడానికి లేదు, బడి మానిపించి పశువుల వెంట కట్టెలకి పంపారు. పిల్లాడు పుస్తకం కూడా పట్టుకెళ్ళి చదువుకుంటూ కట్టెలు కొట్టడం మర్చిపోయి వస్తే నాయనమ్మ అన్న మాట ఆయన ముసలితనంలో కూడా గుర్తు పెట్టుకుని చెప్పాడు: మూడ్రోజులు గాలి, నాల్రోజులు వాన, అక్షరాలు కుండలో ఉడకడం ఎక్కడైనా చూశామా. పల్లెటూళ్ళో పుట్టిన ఎవరికైనా ఈ మాట కొత్తగా అనిపించదు. ఇదే నాయనమ్మ మనవడు పొద్దుగూకి వస్తుంటే దూరం నుంచే తెలియాలని మెడలో చిన్న గంట కట్టింది, గంట వినిపిస్తే అప్పుడు పొయ్యి మీద అన్నం పెట్టేది.

1877లో వడ్రంగం నేర్చుకోవడానికి పెట్టారు. ముందు ఇళ్ళ కప్పులు, దూలాల పని. ఒళ్ళు సన్నం, దూలం ఎత్తలేకపోయాడు, ఆ మేస్త్రీ నీవల్ల కాదని పంపించేశాడు. తర్వాత ఇంకో మేస్త్రీ దగ్గర ఉన్నప్పుడు జరిగిన సంగతి ఒకటుంది. గురువుతో పాటు గట్టు మీద నడిచి వస్తుంటే ఎదురుగా ఇంకో ముగ్గురు వడ్రంగులు వచ్చారు, గురువు చటాపటా పక్కకి తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళూ వడ్రంగులే మనమూ వడ్రంగులమే, ఇంత మర్యాద ఎందుకని అడిగితే గురువుకి కోపం వచ్చింది. వాళ్ళు నగిషీ పనివాళ్ళు, మనం మోటు పనివాళ్ళం, వాళ్ళతో మనకి పోలికేంటి అన్నాడు. అంటే పనివాళ్ళలో కూడా మెట్లున్నాయన్నమాట. పిల్లాడు ఆ రోజే అనుకున్నాడట నగిషీ పని నేర్చుకోవాలని, 1878లో జౌ జిమేయ్ అనే మంచి చెక్కుడు పనివాడి దగ్గర చేరాడు. అక్కడ ఉలి చేతికి అలవాటైంది, ఊళ్ళవాళ్ళు ఆయన చిన్నప్పటి పేరు కలిపి జి వడ్రంగి అని పిలిచేవాళ్ళు.

పెళ్ళి మంచాల మీద, బీరువాల మీద చెక్కే డిజైన్లు తాతల నాటివి, అందరూ అవే చెక్కేవాళ్ళు. ఈయనకి విసుగొచ్చి పూలబుట్టలో ద్రాక్షలు, దానిమ్మలు, రేగులాంటి పళ్ళు, రకరకాల పూలు కలపడం మొదలుపెట్టాడు, జనానికి నచ్చింది. 1882లో పని చేయడానికి వెళ్ళిన ఒక ఇంట్లో ఆవగింజ తోట చిత్రకళా గ్రంథం కనబడింది. 17వ శతాబ్దం చివర మొదలైన రంగుల అచ్చు పుస్తకం అది, బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి గైడ్ లాంటిది, ఆ సెట్‌లో మొదటి భాగం లేదు కూడా. అరువు తెచ్చుకుని, పగలంతా కూలి పని చేసి వచ్చి, రాత్రి మంట వెలుతురులో పల్చటి కాగితం పైన పెట్టి ఆరు నెలల పాటు ఒక్కో పేజీ దించుకున్నాడు, మొత్తం 16 పుస్తకాలుగా కుట్టుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ పుస్తకం బొమ్మని విడి భాగాలుగా చూపిస్తుంది. రాయి ఇలా, దాని మీద గీతలు ఇలా, ఆకులు ఎన్ని రకాలు, కొమ్మ ఎక్కడ చీలాలి, గుడిసె కప్పు ఎన్ని గీతల్లో అయిపోవాలి. పండితుడి ఇంట్లో పుట్టినవాడికి ఇది అ ఆ ఇ ఈ లాంటిది, నేర్చుకుని పక్కన పడేస్తాడు. వడ్రంగికి మాత్రం ఇది బాగా తెలిసిన భాష. కాలు వేరుగా, పట్టె వేరుగా, తలాపు వేరుగా చేసి చివరికి బిగిస్తే మంచం. చీ బైషి బొమ్మల్ని ఎక్కువసేపు చూస్తే ఈ బిగింపు కనిపిస్తుంది, అనవసరమైన ముక్క ఉండదు, ఒక గీత తీసేస్తే మొత్తం వదులైపోతుంది అనిపిస్తుంది. ఆయన వేసిన పురుగుల సంగతి చూసినా అంతే. కళ్ళు బాగున్న రోజుల్లో మిడతలు, తూనీగలు, చిమటలు, చీమ కాళ్ళంత సన్నని గీతలతో రెక్కల్లో నరాలు కూడా కనబడేలా వేసి, మిగతా కాగితం ఖాళీగా వదిలేసి దాచుకున్నాడు, తర్వాత చూపు తగ్గాక అవసరమైనప్పుడు తీసి చుట్టూ లావు కుంచెతో నాలుగు దెబ్బల్లో ఆకులూ పూలూ వేసి ఇచ్చేవాడు. నాజూకు పురుగు, మోటు ఆకు పక్కపక్కన ఉండటం ఆయన గొప్ప స్టైల్ అని ఇప్పుడు అందరూ అంటారు, నిజమే, కానీ దాని వెనక ముందే చెక్కి పెట్టుకున్న సరుకు వాడుకునే పనివాడి జాగ్రత్త కూడా ఉంది.

1889లో హూ చిన్‌యువాన్ అనే స్థానిక పండితుడు ఈ వడ్రంగిని పిలిచి చదువుకుంటావా అని అడిగాడు. 27 ఏళ్ళొచ్చాయి (చైనా లెక్కలో), ఇంట్లో గడవదు, ఇప్పుడు చదువేంటి అంటే, చైనా పిల్లలందరూ బట్టీ పట్టే పాఠంలోనే ఉంది కదా, సు శున్ అనే పెద్దాయన చదువు మొదలుపెట్టింది 27కే అని గుర్తు చేశాడు. గడవడం సంగతి అంటావా, బొమ్మలు వేసి అమ్ముకో, చదువుకో అన్నాడు. ఆ గురువులే బైషి అనే పేరు కూడా పెట్టారు, తెల్ల రాయి అని అర్థం, ఆ పక్కనే ఉన్న ఊరి పేరు. అప్పటి నుంచి ఉలి పక్కన పెట్టి జనం రూపచిత్రాలు వేయడం మొదలు, చచ్చిపోయిన పెద్దల బొమ్మలు ఇంట్లో పెట్టుకోవడం అక్కడ ఆనవాయితీ కాబట్టి పనికి లోటు లేదు. ఆడవాళ్ళ బొమ్మలు బాగా వేస్తాడని చీ సుందరి అని ఒక ముద్దుపేరు కూడా వచ్చింది.

ముద్రలు చెక్కడం కథ ఇంకా బాగుంటుంది. చైనా బొమ్మ మీద ఎర్రటి ముద్ర లేకపోతే బొమ్మ పూర్తయినట్టు కాదు, ఆ ముద్ర రాయిని చెక్కడమే ఒక కళ. ఇది నేర్చుకోవాలని ఒక స్నేహితుణ్ణి అడిగితే ఆయన చెప్పిన కిటుకు ఇది: దగ్గర్లో కొండ వాగులో రాళ్ళు ఊరికే పడున్నాయి, ఒక కావిడి మోసుకెళ్ళు, చెక్కు, అరగదియ్యి, మళ్ళీ చెక్కు, ఆ రాళ్ళన్నీ బురదై మూడు నాలుగు డబ్బాలు నిండితే అప్పుడు నీకు వచ్చినట్టు. ఆయన నిజంగానే అలా చేశాడు, ఇల్లంతా రాతి బురద. మామూలుగా ముద్ర చెక్కేవాళ్ళు గీతకి రెండు వైపుల నుంచీ ఉలి నడిపి సాపు చేస్తారు, చీ బైషి ఒకే వైపు నుంచి ఒకే కోత, రాయి చిట్లితే చిట్లనీ అని వదిలేస్తాడు, అందుకే ఆయన ముద్రల్లో ఒక అంచు కత్తిలా, ఇంకో అంచు కొరికినట్టు ఉంటుంది. కొయ్య చెక్కి చెక్కి గట్టిపడిన మణికట్టుకి అది సాధ్యమైంది. తన కోసం చెక్కుకున్న ముద్రలు చూస్తే నవ్వొస్తుంది, ఒకదాని మీద చెక్క మనిషి అని, ఇంకోదాని మీద లు బాన్ శిష్యుణ్ణి అని (లు బాన్ అంటే చైనా వడ్రంగులకి మూలపురుషుడు, మన విశ్వకర్మ అనుకోండి), మరోదాని మీద మూడొందల రాతి ముద్రలున్న కోటీశ్వరుడు అని. పండితులు ఎత్తిపొడవకముందే తనే చెప్పేసుకుంటే ఇక అనడానికి ఏం మిగులుతుంది.

1899లో వాంగ్ కైయున్ అనే మహా పండితుడికి శిష్యుడయ్యాడు. ఆ గురువుకి అప్పటికే ఒక కంచరి, ఒక కమ్మరి శిష్యులుగా ఉన్నారు, ఈ వడ్రంగి కలిశాక ఊళ్ళో జోకులే జోకులు. తర్వాత 1902 నుంచి 1909 దాకా ఐదుసార్లు ఇల్లు వదిలి షియాన్, బీజింగ్, గుయిలిన్, గ్వాంగ్‌దోంగ్, షాంఘై ఇలా సగం చైనా తిరిగాడు. ఈ తిరుగుళ్ళలో ఒక అధికారి నిన్ను మహారాణి సిషీకి పరిచయం చేస్తా, ఆస్థానంలో చిత్రకారుడివి అవుతావు అంటే వద్దని తప్పించుకున్నాడు. ఇంటికొచ్చి పొలం కొని, ఇల్లు కట్టి, చెట్లు పెంచుకుంటూ ఉండిపోయాడు. కథ అక్కడ ఆగిపోయి ఉంటే హునాన్‌లో తప్ప ఇంకెక్కడా ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు.

ఆగనివ్వనిది కళాతృష్ణ కాదు, దొంగలు. చక్రవర్తుల రాజ్యం పోయి సైన్యాధిపతుల కొట్లాటలు మొదలయ్యాక ఆ పల్లెల్లో దోపిడీలు పెరిగాయి, కాస్త డబ్బున్నవాడు అని పేరు పడితే బతకనివ్వరు. 1917లో ఒకసారి బీజింగ్ పారిపోయాడు, 1919లో ఇక అక్కడే ఉండిపోవాలని వెళ్ళిపోయాడు. అప్పటికి 55 ఏళ్ళు. ముసలి తల్లిదండ్రుల్ని, పొలాన్ని చూసుకుంటూ భార్య చెన్ చున్‌జున్ ఊళ్ళోనే ఉంటానంది, అక్కడ ఈయన ఒంటరిగా ఉంటాడని ఆమే దగ్గరుండి హూ బావోజు అనే 18 ఏళ్ళ అమ్మాయిని రెండో సంసారంగా కుదిర్చింది. ఆ కాలం పద్ధతి అదే అని రాసేస్తారు అందరూ, పద్ధతే, అయినా 55 ఏళ్ళాయన పక్కన ఆ పిల్ల వయసు చదువుతుంటే ఇబ్బందిగానే ఉంటుంది. ఇద్దరి వల్లా డజను దాకా పిల్లలు. రొయ్యకి రేటు కట్టిన లెక్కల్లో ఈ పళ్ళాల సంఖ్య కూడా కలుపుకోవాలి.

బీజింగ్ ఆయన్ని పట్టించుకోలేదు. అప్పటికి ఆయన స్టైల్ 17వ శతాబ్దపు బాదా షాన్‌రెన్‌ది, అంటే పెద్ద కాగితం మీద ఒక మూల ఒంటరి పక్షి, మిగతా అంతా ఖాళీ, చల్లగా, ఎవరితో మాట్లాడనట్టు ఉండే బొమ్మలు. విసనకర్ర మీద బొమ్మకి 2 యువాన్లు పెట్టాడు, అది మిగతావాళ్ళ రేటులో సగం, అయినా కొనేవాడు లేడు. హునాన్ యాస, పల్లెటూరి వేషం, డిగ్రీ లేదు, అక్కడి పండితులు మోటు మనిషి అని వెక్కిరించేవాళ్ళు. ఒక్కడు మాత్రం వెతుక్కుంటూ వచ్చాడు, చెన్ షిత్సెంగ్. మంచి కుటుంబం, జపాన్‌లో చదువు, బీజింగ్ కళాలోకంలో పలుకుబడి, ఈయన కంటే పదేళ్ళకి పైగా చిన్న. 1917లోనే ఒక కాగితాల కొట్లో ఈయన చెక్కిన ముద్రలు చూసి, ఎవరు ఈయన అని అడ్రస్ కనుక్కుని ఈయన దిగిన గుడికి వచ్చి కలిశాడు. ఎవరికో నచ్చాలని తల వంచకు, కానీ నీ దారి నువ్వు వెతుక్కో అన్నది ఆయన సలహా.

1919లో చీ బైషి ఒక బొమ్మ మీద రాసుకున్నాడు, ఇన్నేళ్ళు వేశాను, నాకే నచ్చలేదు, ఇప్పటి నుంచి పూర్తిగా మారుస్తా, ఎవరికీ తెలియనక్కర్లేదు, ఈ రాజధానిలో ఆకలితో చచ్చిపోయినా నా మీద జాలి పడకండి అని. ఆ వయసులో, నలభై ఏళ్ళ చేతి అలవాటుని వదిలేసి మళ్ళీ మొదలుపెట్టడం మామూలు విషయం కాదు, దాదాపు పదేళ్ళు పట్టింది. దాని ఫలితమే ఎర్ర పువ్వు నల్ల ఆకు అని పేరుపడిన పద్ధతి. పువ్వుకి విదేశీ ఎరుపు అనేంత గాఢమైన ఎరుపు, ఆకుకి తడి తడి నల్ల సిరా, మధ్యలో బేరాల్లేవు. ఇందులో షాంఘైలో అప్పటికే పెద్ద పేరున్న వూ ఛాంగ్‌షువో ప్రభావం స్పష్టంగా ఉంది, దాన్ని ఆయన దాచలేదు కూడా. పాతకాలపు చిత్రకారుడు షూ వేయ్, బాదా షాన్‌రెన్, వూ ఛాంగ్‌షువో ముగ్గురి ఇళ్ళ గుమ్మాల్లో వంతులవారీగా కుక్కనై పుట్టినా చాలు అని పద్యం రాశాడు.

ఈ మార్పుని కొంతమంది అంతర్మథనం అంటారు, కొంతమంది మార్కెట్ కోసం రంగులు పులిమాడు అంటారు. రెండూ విడదీసి చూడటమే తప్పు. అమ్ముడుపోని మంచం మళ్ళీ మళ్ళీ చెక్కే వడ్రంగి ఉండడు కదా, ఎక్కడ నచ్చలేదో చూసి కొత్తది చెక్కుతాడు. పండితుడికి జనం నచ్చకపోవడం గర్వకారణం, పనివాడికి అది సమాచారం. చీ బైషి ఆ సమాచారాన్ని తీసుకున్నాడు, కానీ జనం అడిగింది వేసివ్వలేదు, వాళ్ళు అప్పటిదాకా చూడనిది ఇచ్చాడు.

1922లో చెన్ షిత్సెంగ్ జపాన్‌లో జరిగే చైనా చిత్రాల ప్రదర్శనకి ఈయన బొమ్మలు పట్టుకెళ్ళాడు. అన్నీ అమ్ముడుపోయాయి, అదీ బీజింగ్‌లో ఎవడూ ఊహించని రేట్లకి, పూల బొమ్మ ఒక్కోటి 100 యువాన్లు, రెండడుగుల కొండల బొమ్మకి 250. బయటివాళ్ళు మెచ్చుకున్నారని తెలిసేసరికి ఇంట్లోవాళ్ళకి విలువ తెలిసింది, ఈ జబ్బు ఒక్క చైనాకే పరిమితం కాదు లెండి. ఆ మరుసటి ఏడాదే, 1923లో, చెన్ చనిపోయాడు, 47 ఏళ్ళకే. నేను లేకపోతే నువ్వు ముందుకు పోవు, నువ్వు లేకపోతే నేను వెనక్కి పోతాను అని చీ బైషి రాసుకున్న లైన్లు అప్పటి వాళ్ళ స్నేహం గురించే.

ఇక రొయ్యలు. ఆయన పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేవి అవే, కాబట్టి అవి ఎలా పనిచేస్తాయో చూడాలి. కాగితం పీల్చే రకం, తడి తగిలితే పాకిపోతుంది, తప్పు చేస్తే దిద్దడం ఉండదు. మెత్తటి కుంచెకి బాగా నీళ్ళు కలిపిన పల్చటి సిరా పట్టించి తల ఒక దెబ్బ, ఒంటి గణుపులు ఒక్కోటి ఒక్కో దెబ్బ, అవి ఆరకముందే తలలో చిక్కటి నలుపు ఒక చుక్క. ఆ నలుపు తడిలో కొంచెం పాకి, చుట్టూ బూడిద రంగు పల్చబడి, పొట్టు లోపల ఏదో ఉన్నట్టు, వెలుతురు అవతలికి పోతున్నట్టు కనిపిస్తుంది. తర్వాత మీసాలు. పొడుగ్గా, సన్నగా, ఎక్కడా ఆగకుండా, వంగినట్టే ఉండి గట్టిగా ఉండాలి, చూడటానికి సులువు, చెయ్యి అక్కడే బయటపడిపోతుంది. బొమ్మలో నీళ్ళు ఎక్కడా వెయ్యలేదు, ఒక్క అల కూడా లేదు, కానీ రొయ్యలు నీళ్ళలోనే ఉన్నాయని పసిపిల్లాడు కూడా చెప్తాడు.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. చిన్నప్పుడు ఇంటి ముందు చెరువులో రొయ్యలు పట్టినవాడే, అయినా అరవై దాటాక బల్ల మీద గిన్నెలో బతికున్న రొయ్యల్ని పెట్టుకుని, పుల్లతో కదిలిస్తూ చూసేవాడు. మొదట ఏదో పోలికగా ఉండేవి, తర్వాత అచ్చం అలాగే వచ్చాయి, ఆ తర్వాత సిరాలో చిక్కదనం పల్చదనం విడిపోయాయి అని ఆయనే తన మార్పుల లెక్క రాసిపెట్టాడు. విచిత్రం ఏంటంటే అచ్చం రొయ్యలా రావడం నేర్చుకున్నాక, పొట్ట కింద కాళ్ళు తగ్గిస్తూ పోయాడు, పది ఉన్నవి ఎనిమిదయ్యాయి, ఆరయ్యాయి, చివరికి ఐదు. జీవశాస్త్రం మాస్టారు చూస్తే మార్కులు కొట్టేస్తాడు. చూసేవాళ్ళకి మాత్రం ఐదు కాళ్ళ రొయ్యే ఎక్కువ ఈదుతున్నట్టు ఉంటుంది. బొమ్మలో కిటుకంతా పోలికకీ పోలిక లేకపోవడానికీ మధ్యలో ఉంది, మరీ పోలితే జనానికి చక్కిలిగింతలు పెట్టినట్టు, అసలు పోలకపోతే మోసం చేసినట్టు అన్న ఆయన మాటని చైనాలో బొమ్మల గురించి మాట్లాడే ప్రతివాడూ ఇప్పటికీ వాడుతూనే ఉంటాడు. మాట కంటే ఆ కాళ్ళ లెక్కే ఎక్కువ చెప్తుంది.

ఆయన వేసిన వస్తువులు కూడా చూడండి. పండితుల బొమ్మల్లో వెదురు, ఆర్కిడ్, ప్లమ్ పూత, దూరపు కొండలు, వాటికి గౌరవమైన అర్థాలు. ఈయన బొమ్మల్లో చెత్త ఊడ్చే దంతె, కట్టెల బుట్ట, దీపం నూనె తాగడానికొచ్చిన ఎలుక, ముల్లంగి, క్యాబేజీ. పియోనీ పూలకి రాజు అంటారు, లిచీ పళ్ళలో మొదటిది అంటారు, మరి క్యాబేజీని కూరగాయల రాజు అని ఎవరూ అనరేం అని బొమ్మ మీదే రాసి నిలదీశాడు. 1927లో ఒకతను వచ్చి డబ్బులొచ్చే బొమ్మ ఒకటి వేసివ్వమన్నాడు. డబ్బులొచ్చే దారులు చాలా ఉన్నాయిగా, ఏది వెయ్యను, ధనదేవుణ్ణా అంటే కాదన్నాడు. అధికారి ముద్ర, కోటూనా అంటే కాదు. కత్తి, తుపాకీ, తాడూనా అంటే అదీ కాదు. లెక్కల చట్రం (అబాకస్) అయితే ఎలా ఉంటుంది అని అతనే అడిగితే, భేష్, ఎవరికీ హాని లేకుండా డబ్బు తెచ్చే దయగల పనిముట్టు అదే అన్నాడట చీ బైషి. ఈ సంభాషణ మొత్తం బొమ్మ మీద రాసి, కింద పూసలతో ఉన్న లెక్కల చట్రం ఒక్కటే వేశాడు. అధికారినీ దొంగనీ ఒకే వరసలో నిలబెట్టిన సంగతి ఆ వచ్చినవాడు గమనించాడో లేదో.

1920ల చివర్లో షూ బేహోంగ్ బీజింగ్ ఆర్ట్ కాలేజీకి హెడ్‌గా వచ్చాడు. పారిస్‌లో నూనె రంగులు నేర్చుకున్న మనిషి, తర్వాత 1939-40లో టాగోర్ పిలిస్తే శాంతినికేతన్ వచ్చి గాంధీ బొమ్మ గీసింది ఈయనే. ఆయన ఇంటికొచ్చి కాలేజీలో పాఠాలు చెప్పమని అడిగితే చీ బైషి రెండుసార్లు వద్దన్నాడు, బడికే సరిగ్గా పోనివాణ్ణి, కాలేజీ పిల్లలు ఆటపట్టిస్తారని భయం. మూడోసారి ఒప్పుకున్నాడు. క్లాసులో ఎక్కువ మాట్లాడేవాడు కాదు, వేసి చూపించేవాడు. బతకడానికి రిక్షా లాగుతూ చదువుకున్న లీ కూచాన్ ఈయన శిష్యుడు, తర్వాత లీ కరాన్ కూడా. నా దగ్గర నేర్చుకునేవాడు బతుకుతాడు, నాలాగే వేసేవాడు చస్తాడు అనేవాడు వాళ్ళతో.

1937లో రెండు జరిగాయి. ఒకటి, బీజింగ్ జపాన్ వాళ్ళ చేతికి చిక్కింది. రెండు, ఒక జ్యోతిష్కుడు 75వ ఏడు గండం అన్నాడని, ఆ ఏడాది 75 అని చెప్పకుండా ఒకేసారి 77 అని రాసుకోవడం మొదలుపెట్టాడు, విధికి కూడా తప్పుడు లెక్క చూపించాడన్నమాట. పైగా చైనా లెక్కలో పుట్టగానే ఒక ఏడు వచ్చేస్తుంది. అందుకే చివరి బొమ్మల మీద 97 ఏళ్ళ ముసలివాడు అని సంతకం ఉంటుంది, అసలు వయసు 93. ఆయన బొమ్మల తేదీలు చూసేవాళ్ళు ఈ సంగతి తెలియక బోల్తా పడుతుంటారు.

ఆక్రమణ రోజుల్లో కాలేజీ ఉద్యోగం మానేశాడు, గుండె జబ్బు తిరగబెట్టింది ఎవరినీ చూడటం లేదని గేటుకి నోటీసు. 1940లో ఇంకోటి పెట్టాడు, స్వదేశీ విదేశీ అధికారులు ఎవరైనా నా బొమ్మ కావాలంటే మనిషిని పంపండి, మీరు రావద్దు, అధికారి గుమ్మం తొక్కితే ఇంటివాడికి అరిష్టం అని. పీతల బొమ్మ వేసి ఇలా అడ్డంగా ఎన్నాళ్ళు నడుస్తావో చూస్తా అని రాశాడు. అడ్డంగా నడవడం అంటే చైనీస్‌లో దౌర్జన్యం చేయడం అని కూడా అర్థం, ఎవర్నో చెప్పక్కర్లేదు. యుద్ధం అయిపోయాక 1946లో నాన్‌జింగ్‌లో, షాంఘైలో ప్రదర్శనలు, 200కి పైగా బొమ్మలన్నీ అమ్ముడయ్యాయి, కట్టలు కట్టలుగా నోట్లు తెచ్చుకున్నాడు. ఇంటికి చేరేసరికి ద్రవ్యోల్బణం దెబ్బకి ఆ డబ్బుతో పది బస్తాల పిండి కూడా రాలేదు. నడుముకి తాళాల గుత్తి కట్టుకుని, రోజూ వంటకి బియ్యం తనే కొలిచి ఇచ్చేవాడని ఆయన పిసినారితనం మీద బోలెడు కథలున్నాయి, ఈ పిండి బస్తాల కథ పక్కన పెట్టి చదివితే అంత నవ్వు రాదు.

1949 తర్వాత ఆయనకి అన్నీ గౌరవాలే. మావో కూడా షియాంగ్‌తాన్ వాడే, ఇద్దరికీ ఒకే యాస. 1953లో ప్రజా కళాకారుడు అనే బిరుదు, చిత్రకారుల సంఘానికి అధ్యక్షుడు, ఆ తర్వాత ప్రపంచ శాంతి మండలి బహుమతి. శాంతి పావురాలు కూడా వేశాడు, అవి బాగానే ఉంటాయి, అంతే. ఆ రోజుల్లో నిజంగా చూడాల్సింది 1951లో రచయిత లావ్ షె అడిగితే వేసింది. వాగులోంచి పది లీల (లీ అంటే సుమారు అర కిలోమీటరు) దాకా వినపడే కప్పల అరుపు అనే పాత పద్యపాదానికి బొమ్మ వెయ్యమన్నాడు. అరుపుని ఎలా వేస్తారు? నిలువు కాగితం, రెండు వైపులా నల్లటి రాళ్ళు, మధ్యలో కిందకి దూకుతున్న వాగు, అందులో తోకలాడిస్తూ కొట్టుకొస్తున్న కప్పపిల్లలు కొన్ని. కప్ప ఒక్కటి కూడా లేదు. అప్పుడాయన అసలు వయసు 87. 1957 సెప్టెంబర్ 16న బీజింగ్‌లో పోయాడు.

వేల బొమ్మలు వేశాడు, వేసిందే మళ్ళీ మళ్ళీ వేశాడు, అందులో అలసటగా, డబ్బుల కోసం ముగించేసినవి కూడా లేకపోలేదు. దొంగ బొమ్మల సంగతి చెప్పే పనే లేదు. 2011లో డేగ బొమ్మ ఒకటి వేలంలో 42.55 కోట్ల యువాన్లు పలికింది, తర్వాత అది అసలుదేనా అని గొడవ, కొన్నవాళ్ళు డబ్బు కట్టలేదని వార్తలు.

రొయ్యలకి, పూలకి అంత గిరాకీ ఉన్న రోజుల్లో కూడా ఆయన కొండల బొమ్మలు బీజింగ్‌లో ఎవరికీ నచ్చలేదు. అందరూ పాత గురువుల కొండల్ని చూసి కొండలు వేస్తుంటే ఈయన తిరిగినప్పుడు చూసిన గుయిలిన్ కొండల్ని మూకుడు బోర్లించినట్టు ఒక్కొక్కటే విడిగా నిలబెట్టి, ఇళ్ళ కప్పులు రెండు గీతల్లో ముగించి వేసేవాడు. చేతకాక అలా వేస్తున్నాడు అన్నారు. చివరికి వెయ్యడమే బాగా తగ్గించేశాడు. చెట్లు నాటితే పదేళ్ళలో అడవి అవుతుంది, చెట్లు వేసి అడవి చెయ్యాలంటే జీవితం పడుతుంది, జుట్టంతా పోయి కళ్ళు కనబడని దాకా వేశాను, వాన వెలిసిన నా కొండల్ని ఇష్టంగా చూసేది ఎవరు అని పద్యం రాసుకున్నాడు. 1925లో అలాంటివే పన్నెండు కొండల బొమ్మలు, ఒక్కోటి 180 సెంటీమీటర్ల పొడవు, 47 వెడల్పు, వేసి చెన్ జిలిన్ అనే బీజింగ్ వైద్యుడికి పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. 2017 డిసెంబర్‌లో బీజింగ్ వేలంలో ఆ పన్నెండూ కలిపి 93.15 కోట్ల యువాన్లకి పోయాయి, చైనా బొమ్మ ఏదైనా పది కోట్ల డాలర్లు దాటడం అదే మొదటిసారి.